పెంపుడు పాముకు వేడి: ఎంత, ఎక్కడ, ఎవరి అదుపులో

పాము తన శరీరానికి కావలసిన వేడిని దాదాపు పూర్తిగా పరిసరాల నుంచే తెచ్చుకుంటుంది. మనిషి, ఆవు, పిచ్చుక వంటి జీవులు తిన్న ఆహారంలో పెద్ద భాగాన్ని ఒంట్లోనే ఖర్చుచేసి శరీరాన్ని ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలుపుకుంటాయి కనుక వాటిని అంతరోష్ణ జీవులని, పాములు, బల్లులు, తాబేళ్లు ఎండ నుంచీ ఎండకు కాగిన నేల నుంచీ రాతి నుంచీ వేడిని గ్రహిస్తాయి కనుక వాటిని బాహ్యోష్ణ జీవులని శాస్త్రజ్ఞులు వర్గీకరిస్తారు. ఆహారాన్ని వేడి కోసం ఖర్చుచేయనక్కర లేకపోవడం వల్లనే పాము వారాల తరబడి, కొన్ని జాతులైతే నెలల తరబడి, ఏమీ తినకుండా బతకగలుగుతుంది. అయితే చుట్టూ ఉన్న వేడి సరిపోకపోతే లోపల నుంచి పూడ్చుకునే మార్గం దానికి సాధారణంగా లేదు. శరీరంలోని రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సాధారణంగా రెండు మూడు రెట్లవుతుంది, అంతే తగ్గితే సగానికో మూడో వంతుకో పడిపోతుంది. కాబట్టి జీర్ణం, పెరుగుదల, రోగనిరోధక శక్తి, కుబుసం విడవడం, పిల్లలను కనడం అన్నీ పాము పడుకున్న చోటు ఎంత వెచ్చగా ఉందన్న దాని మీదే ఆధారపడతాయి.

ఈ ఆధారం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది జీర్ణక్రియలో. ఎలుకను నమలకుండా మింగిన కొండచిలువ పొట్టలో ఆమ్లం ఊరాలి, పేగులు పని మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో దాని జీవక్రియ వేగం విశ్రాంతి స్థితితో పోలిస్తే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ సమయంలో పాము చల్లని పెట్టెలో చిక్కుకుపోతే, పొట్టలోని ఆహారం అరగడం కంటే కుళ్లడం త్వరగా జరుగుతుంది. అప్పుడు పాము దాన్ని కక్కేస్తుంది. ఇది పదే పదే జరిగితే పాము నీరసించి ప్రాణం మీదికి వస్తుంది. చలి ఎక్కువకాలం కొనసాగితే ఊపిరితిత్తుల జబ్బులు కూడా పట్టుకుంటాయి. అంటే బంధించి పెంచే పాముకు వేడిని సమకూర్చడం ఆహారం, నీరు సమకూర్చడంతో సమానమైన బాధ్యత.

ఒక ఉష్ణోగ్రత చాలదు

సరీసృపాలు వాతావరణం ఎంత వేడిగా ఉంటే అంత వేడెక్కి, ఎంత చల్లగా ఉంటే అంత చల్లబడి, ఏ అదుపూ లేకుండా ఉంటాయని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చాలామంది భావించేవారు. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా ఎడారి సరీసృపాలను పరిశీలించి 1944లో వెలువరించిన అధ్యయనం ఈ భావనను మార్చివేసింది. ఆ జీవులు ఎండలోకి వచ్చి, నీడలోకి తప్పుకొని, ఇసుకలోకి దూరి, ఒంటిని ఎండకు ఎదురుగానో పక్కగానో తిప్పుకొని, తమకు కావలసిన ఉష్ణోగ్రతను చాలా కచ్చితంగా కాపాడుకుంటాయని వారు చూపించారు. శరీరం లోపల పొయ్యి లేకపోయినా, చోటు మార్చుకోవడం ద్వారా వేడిని నియంత్రించుకునే ఈ పద్ధతిని ప్రవర్తనా ఉష్ణనియంత్రణ అంటారు.

1970ల మధ్యలో మాథ్యూ క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగ్వానా అనే బల్లి మీద చేసిన ప్రయోగాలు దీనికి మరో కోణం చేర్చాయి. రోగకారక బాక్టీరియా సోకిన బల్లులు మామూలు కంటే వేడిగా ఉన్న చోటును తమంతట తామే వెతుక్కున్నాయి. అలా ఒంటిని వెచ్చబరచుకునే అవకాశం దొరికినవి ఎక్కువగా బతికాయి, చల్లని చోట ఉంచినవి ఎక్కువగా చనిపోయాయి. జ్వరాన్ని లోపల నుంచి తెచ్చుకోలేని జీవి దాన్ని బయట నుంచి తెచ్చుకుంటుందన్న మాట. అవసరాన్ని బట్టి కావలసిన వేడి ఇలా మారుతుంది కనుక, పెంపకందారు ఎంత అనుభవజ్ఞుడైనా, ఈ గంటలో ఈ పాముకు ఎంత వేడి కావాలో బయట నుంచి చెప్పలేడు. తిన్న పాముకు ఒక వేడి, కుబుసం విడవబోయే పాముకు మరొకటి, గర్భంతో ఉన్న ఆడ పాముకు ఇంకొకటి కావాలి.

అందువల్ల పాము పెట్టెను వెచ్చబరచడమంటే లోపలి గాలినంతటినీ ఒకే డిగ్రీకి తేవడం కాదు; ఒక చివర వెచ్చగా, రెండో చివర చల్లగా ఉంచి, మధ్యలో వేడి క్రమంగా తగ్గుతూ పోయేలా అమర్చడం. ఈ క్రమాన్ని ఉష్ణోగ్రతా ప్రవణత అంటారు. దీనికి పెట్టె తగినంత పొడవుండాలి, వేడినిచ్చే సాధనం మధ్యలో కాకుండా ఒక చివరకు ఉండాలి, రెండు చివర్లలోనూ పాము దాగడానికి ఒక్కో గూడు ఉండాలి. చల్లని వైపు గూడు లేకపోతే, పిరికిదైన పాము వేడి ఎక్కువైనా సరే దాక్కునే చోటునే ఎంచుకొని అక్కడే ఉండిపోతుంది. అప్పుడు ప్రవణత ఉన్నా అది పాముకు అందనట్టే.

అమెరికా, బ్రిటన్ ఇళ్లలో ఎక్కువగా పెంచే రెండు జాతులను ఉదాహరణగా తీసుకోవచ్చు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాల్లో బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పగలు గడిపే బాల్ పైథాన్‌కు వెచ్చని చివర పాము పడుకునే ఉపరితలం 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, చల్లని చివర గాలి 24 నుంచి 27 డిగ్రీలు ఉండటం తగినదని పెంపకందారులు సాధారణంగా పాటిస్తారు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన కార్న్ స్నేక్ కాస్త చల్లదనాన్ని ఇష్టపడుతుంది కనుక దానికి వెచ్చని వైపు 28 నుంచి 32, చల్లని వైపు 21 నుంచి 24 డిగ్రీలు చాలు. రాత్రివేళ కొన్ని డిగ్రీలు తగ్గడం రెండింటికీ సహజమే. అమెరికాలో ఈ అంకెలను ఫారన్‌హీట్‌లో చెబుతారు కనుక, 32 సెల్సియస్ అంటే సుమారు 90 ఫారన్‌హీట్ అని అక్కడి తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోవడం, పరికరం ఏ కొలమానంలో అంకె చూపుతోందో ముందే చూసుకోవడం అవసరం.

వేడి చేరే మూడు దారులు

వేడి ఒక చోటు నుంచి మరో చోటుకు మూడు విధాలుగా చేరుతుంది: తాకిన వస్తువు నుంచి నేరుగా పాకితే ఉష్ణవహనం, కదిలే గాలి మోసుకుపోతే ఉష్ణసంవహనం, కిరణాల రూపంలో ఖాళీని దాటి వస్తే ఉష్ణవికిరణం. పెంపుడు పాముల కోసం వాడే సాధనాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని మీద ఎక్కువగా ఆధారపడతాయి, వాటి మంచీ చెడూ అక్కడి నుంచే వస్తాయి.

వికిరణం విషయంలో కిరణాల తరంగదైర్ఘ్యం ముఖ్యం. కంటికి కనిపించే ఎరుపు రంగును దాటి ఉండే పరారుణ కిరణాలను మూడు భాగాలుగా విభజిస్తారు. 1,400 నానోమీటర్ల లోపువి ఎ, అక్కడి నుంచి 3,000 వరకు బి, ఆపైనవి సి. నేలను చేరే సూర్యరశ్మిలోని పరారుణ భాగంలో ఎక్కువ శాతం ఎ తరగతిదే. అది చర్మాన్ని దాటి కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు చొచ్చుకుపోయి కండరాలను వెచ్చబరుస్తుంది. సి తరగతి కిరణాలు చర్మపు పైపొరలోనే ఆగిపోతాయి. వస్తువు ఎంత వేడిగా ఉంటే దాని కిరణాల తరంగదైర్ఘ్యం అంత చిన్నదవుతుందని వీన్ నియమం చెబుతుంది. 2,700 కెల్విన్‌లకు పైబడి కాగే హాలోజన్ బల్బు తీగ నుంచి వచ్చే కిరణాలు 1,000 నానోమీటర్ల చేరువలో అత్యధికంగా ఉంటాయి. అందుకే ఇళ్లలో దొరికే సాధనాల్లో సూర్యుడి వేడికి దగ్గరగా వచ్చేది అదే. 250 డిగ్రీలకు కాగిన సిరామిక్ హీటరు కిరణాలు 5,500 చుట్టూ, నులివెచ్చని హీట్ మ్యాట్ కిరణాలు 9,000కు పైన అత్యధికంగా ఉంటాయి. అవి రెండూ సి తరగతి కిందికి వస్తాయి.

దీనర్థం హాలోజన్ ఒక్కటే వాడాలని కాదు. అది వెలుగుతో పాటే వేడినిస్తుంది కనుక పగటికే సరిపోతుంది. చీకట్లో తిరిగే పాముకు రాత్రంతా వెలుగు తగదు, ఎరుపు, నీలం రంగుల బల్బులైనా అంతే. రాత్రి గది బాగా చల్లబడే ఇంట్లో వెలుగు లేని సిరామిక్ హీటరో, పైకప్పుకు బిగించే రేడియంట్ ప్యానెలో కావాలి. హీట్ మ్యాట్ అనే పలుచని పరుపు పెట్టె అడుగునో పక్కగోడకో అంటించి వాడేది. అది తాకిన చోటును వెచ్చబరుస్తుంది గాని గాలిని పెద్దగా వేడెక్కించలేదు. ప్రకృతిలో వేడి ఎక్కువగా పై నుంచి వస్తుంది కనుక పై నుంచి వేడినిచ్చి, అవసరమైతే మ్యాట్‌ను తోడుగా పెట్టుకోవడం మేలని నేటి పెంపకందారులు, పశువైద్యులు ఎక్కువగా సూచిస్తున్నారు.

పాము ఎందుకు కాలుతుంది

పెంపుడు సరీసృపాలకు వైద్యం చేసేవారి దగ్గరకు పదే పదే వచ్చే గాయాల్లో పొట్ట కింది పొలుసులు కాలిపోవడం ఒకటి. వేడెక్కువైతే పాము తప్పుకోదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. బాల్ పైథాన్ పెదవుల అంచున ఉండే గుంటలు పరారుణ కిరణాలను పసిగట్టగలవు; ఈ గుంటల నాడుల్లో ఉండే ట్రిప్-ఎ1 అనే ప్రోటీన్ ఆ పని చేస్తుందని డేవిడ్ జూలియస్ బృందం 2010లో వెల్లడించింది. స్పర్శ, వేడి జ్ఞానాల మీద చేసిన కృషికి ఆయన 2021లో నోబెల్ పురస్కారం పంచుకున్నాడు. అయితే ఆ గుంటలున్నది ముఖం మీద. అవి దూరాన కదిలే వెచ్చని ఎలుకను పట్టిచ్చే సాధనాలే గాని పొట్ట కింద ఉన్న మ్యాట్ వేడిని కొలిచేవి కావు.

అసలు చిక్కు కాలవ్యవధిలో ఉంది. చర్మం కాలడం ఉష్ణోగ్రత మీదే కాకుండా తాకిన సమయం మీద కూడా ఆధారపడుతుందని మోరిట్జ్, హెన్రిక్స్ 1947లో మనిషి చర్మం, పంది చర్మం మీద చేసిన ప్రయోగాల్లో నిరూపించారు: 60 డిగ్రీల దగ్గర సుమారు 5 సెకన్లలో జరిగే హాని 44 డిగ్రీల దగ్గర సుమారు 6 గంటల్లో జరుగుతుంది. పాము చర్మానికి ఇవే అంకెలు అక్షరాలా వర్తించకపోవచ్చు గాని సూత్రం అదే. మనిషి అరచెయ్యి పెట్టి చూసి ‘వెచ్చగా ఉంది, ఫరవాలేదు’ అనుకునే ఉపరితలం మీద పాము గంటల తరబడి కదలకుండా చుట్టచుట్టుకొని పడుకుంటుంది. పెట్టెలోని గాలి చల్లగా ఉండి, వేడి ఆ ఒక్క చోటే దొరికితే, ఒళ్లంతా వెచ్చబడేదాకా అది కదలదు. ఈలోపు తాకిన చోటు కాలిపోతుంది. ఒకప్పుడు విరివిగా అమ్మిన, లోపల విద్యుత్ తీగ ఉండే ‘హాట్ రాక్’ కృత్రిమ రాళ్లు ఈ కారణంగానే అపఖ్యాతి పాలయ్యాయి. మ్యాట్ మీద పరిచిన కొబ్బరిపొట్టు మందంగా ఉంటే మరో ప్రమాదం ఉంది: పొట్టు వేడిని పైకి పోనివ్వదు కనుక పైభాగం చల్లగా కనిపిస్తూనే అడుగున గాజు కాగిపోతుంది; పాము పొట్టును తవ్వుకొని లోపలికి దిగితే నేరుగా ఆ గాజు మీదికి చేరుతుంది.

పై నుంచి వేడినిచ్చే సాధనాలకూ వాటి ప్రమాదాలు వాటికున్నాయి. సిరామిక్ హీటరు 200 డిగ్రీలకు పైగా కాగినా వెలుగు ఇవ్వదు కనుక అది పనిచేస్తోందో లేదో చూసి చెప్పలేము. పాము నున్నని గాజునైతే ఎక్కలేదు గాని కొమ్మలు, తీగలు, మూలల ఆసరాతో ఎంత ఎత్తుకైనా పాకి బల్బును చుట్టుకోగలదు. కాబట్టి పెట్టె లోపల బిగించిన ప్రతి బల్బుకూ, ప్రతి సిరామిక్ హీటరుకూ పాము తల దూరనంత సన్నని కన్నుల లోహపు జాలి తప్పనిసరి. దూరం కూడా కీలకమే: చిన్న బల్బు నుంచి దూరం సగమైతే వేడి తీవ్రత ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. అందుచేత వేడిని కొలవవలసింది నేల మీద కాదు, బల్బు కింద చుట్టచుట్టుకున్న పాము వీపు చేరే ఎత్తులో. కొమ్మ ఉంటే ఆ కొమ్మ మీద.

థర్మోస్టాట్ లేని హీటరు

పెట్టె పోగొట్టుకునే వేడి, లోపలి బయటి ఉష్ణోగ్రతల తేడాకు దాదాపు అనులోమంగా ఉంటుంది. 60 వాట్ల హీటరు నిరంతరం పనిచేస్తూ ఒక పెట్టెను గదికంటే 12 డిగ్రీలు ఎక్కువగా నిలుపుతోందనుకుంటే, గది 20 డిగ్రీలున్న రోజు లోపల 32 ఉంటుంది, పాముకు హాయి. అదే గది వేసవిలో 30 డిగ్రీలకు చేరితే అదే హీటరు లోపలి వేడిని సుమారు 42కు తీసుకుపోతుంది. బాల్ పైథాన్‌కు అది ప్రాణాంతకం. హీటరులో లోపం లేదు, అమర్చిన మనిషి ఆ రోజు ఏమీ మార్చలేదు, మారింది వాతావరణం మాత్రమే. సరైన వాట్ల బల్బు కొన్నాం కాబట్టి ఇక భయం లేదనే నమ్మకం ఎంత అపాయకరమో ఈ చిన్న లెక్క చెబుతుంది. వేడినిచ్చే ఏ సాధనమైనా థర్మోస్టాట్ ద్వారానే విద్యుత్తు అందుకోవాలి.

థర్మోస్టాట్ అంటే ఒక తీగ చివర ఉన్న సెన్సరుతో వేడిని కొలుస్తూ, నిర్ణయించిన హద్దు చేరగానే హీటరుకు విద్యుత్తును ఆపే లేదా తగ్గించే పరికరం. వీటిలో మూడు రకాలున్నాయి. పూర్తిగా వేయడం, పూర్తిగా ఆపడం మాత్రమే చేసే సాదా రకం హీట్ మ్యాట్లకు సరిపోతుంది. విద్యుత్తును చిన్న చిన్న విడతలుగా పంపే పల్స్ రకం వెలుగులేని సిరామిక్ హీటర్లకు, ప్యానెళ్లకు అనువైనది. దాన్ని బల్బుకు తగిలిస్తే బల్బు మిణుకుమిణుకుమంటూ త్వరగా పాడవుతుంది. విద్యుత్తును నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉండే డిమ్మర్ రకమే హాలోజన్‌కు తగినది.

థర్మోస్టాట్ తన సెన్సరు ఉన్న చోటును మాత్రమే చూడగలదు. పాము తోసేయడం వల్ల సెన్సరు చల్లని మూలకు జారినా, నీళ్ల గిన్నెలో పడినా, ఇంకా చల్లగానే ఉందనుకొని పరికరం హీటరును ఆపకుండా నడుపుతూనే ఉంటుంది. సెన్సరును వేడి పడే చోటే, పాము కదల్చలేని విధంగా గట్టిగా బిగించాలి; లోపల జిగురు టేపు వాడకూడదు, అది పొలుసులకు అతుక్కుంటే విడదీసేటప్పుడు చర్మం చిరుగుతుంది. మొదటి పరికరం చెడిపోతే రెండోది కాపాడేలా, రెండు మూడు డిగ్రీలు ఎక్కువ హద్దు పెట్టిన మరో థర్మోస్టాట్‌ను అదే తీగ మీద వరుసగా కలపడం అదనపు ఖర్చే అయినా చాలా విలువైన జాగ్రత్త.

థర్మోస్టాట్ చూపే అంకెను కూడా వేరే కొలతతో సరిచూడాలి. గోడకు అంటించే గుండ్రని ముల్లు థర్మామీటర్లు గోడ వేడినే చూపుతాయి, అదీ కచ్చితంగా చూపవు; రెండు చివర్లలో తీగ సెన్సర్లున్న డిజిటల్ థర్మామీటర్లు, ఉపరితలాల కోసం పరారుణ థర్మామీటర్ గన్ మెరుగైనవి. దీర్ఘ పరారుణ కిరణాలు గాజును దాటలేవు కనుక గన్‌ను గాజు బయట నుంచి గురిపెడితే లోపలి నేల వేడికి బదులు గాజు వేడే తెలుస్తుంది. తలుపు తెరిచి కొలవాలి. పామును తేవడానికి ముందే ఖాళీ పెట్టెను కనీసం రెండు మూడు రోజులు నడిపి, పగలు, రాత్రి, తెల్లవారుజాము కొలతలు చూసుకోవడం మంచిది.

వేడితో పాటు తేమ కూడా మారుతుంది. 20 డిగ్రీల దగ్గర 60 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిని నీరు చేర్చకుండా 32 డిగ్రీలకు వెచ్చబరిస్తే, వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టగలదు కనుక, అదే ఆర్ద్రత సుమారు 30 శాతానికి పడిపోతుంది. బాల్ పైథాన్‌కు దాదాపు 60 శాతం, అంతకు పైన కావాలి. తేమ తగ్గితే కుబుసం ఒక్క ముక్కగా ఊడకుండా చీలికలై కళ్ల మీద, తోక చివర అతుక్కుపోతుంది. హీటరు అమర్చిన ప్రతిచోటా నీటి గిన్నె పరిమాణం, అడుగున పరిచే పొట్టు, గాలి కన్నాల సంఖ్య మళ్లీ సరిచూసుకోవలసిందే.

తీగలు, నిప్పు, కరెంటు పోయిన రాత్రి

హీటరు ఇంట్లో మనుషులకు కూడా ప్రమాదకారి కాగలదు. బల్బు హోల్డరు ప్లాస్టిక్‌ది కాకుండా సిరామిక్‌ది కావాలి, దాని మీద రాసిన వాట్ల పరిమితి దాటకూడదు. తేమ ఆగాలని జాలి మూత మీద తువ్వాలు కప్పి, దాని పక్కనే దీపం పెట్టడం మంటలకు దారితీస్తుంది. సాకెట్‌లోకి వెళ్లే తీగ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంటే, తీగ వెంట జారిన నీటి బొట్టు సాకెట్‌లోకి పోకుండా కిందనే రాలిపోతుంది. ప్రవాహం కాస్త లీకైనా క్షణంలో సరఫరా ఆపే రక్షక స్విచ్, అంటే బ్రిటన్‌లో 30 మిల్లీఆంపియర్ల దగ్గర, అమెరికాలో సుమారు 5 మిల్లీఆంపియర్ల దగ్గర తెగేది, నీరు, విద్యుత్తు పక్కపక్కనే ఉండే ఈ అమరికకు ఎంతో అవసరం. ఆ గదిలో పొగను పసిగట్టే అలారం కూడా ఉండాలి.

కరెంటు పోయిన రాత్రి పెంపకందారు కంగారుపడటం సహజమే గాని, చలి, వేడి పామును ఒకే వేగంతో దెబ్బతీయవని తెలిస్తే నిబ్బరంగా ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాము కొన్ని గంటల చల్లదనాన్ని, జీవక్రియ మందగించినా, తట్టుకోగలదు. పెట్టె మీద దుప్పటి కప్పి, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసాను దగ్గర ఉంచి, కరెంటు వచ్చి ఒళ్లు మళ్లీ వెచ్చబడేదాకా ఆహారం పెట్టకుండా ఉంటే చాలు. తప్పించుకునే చోటు లేని అతివేడి మాత్రం కొద్ది నిమిషాల్లోనే ప్రాణం తీయగలదు. అందుకే సందేహం వచ్చిన ప్రతిచోటా చల్లదనం వైపు మొగ్గడమే సురక్షితం.

భారతదేశంలో ఈ విషయానికి చట్టం హద్దులు గీసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన మన కొండచిలువను, నాగుపామును ఇంట్లో పెంచడం నేరం. విదేశీ జాతుల విషయంలో, 2022 సవరణ తరువాత, వన్యజీవుల వ్యాపారంపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న బాల్ పైథాన్ వంటి వాటి వివరాలను ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించాలి. అనుమతితో పాములను చూసుకునే జంతుప్రదర్శనశాలల్లో, సంరక్షణ కేంద్రాల్లో తెలుగు రాష్ట్రాల మే నెల ఎండలకు సమస్య తిరగబడుతుంది. అక్కడ వెతకవలసింది వెచ్చని మూలను కాదు, నీడను, నీటిని, గాలి ఆడే చోటును, అంటే ప్రవణతలో చల్లని చివరను. ఊరు ఏదైనా, రుతువు ఏదైనా, బాధ్యత మారదు: బోనులో పెట్టి పాము నుంచి తీసుకున్న స్వేచ్ఛలో ఒక భాగాన్ని, చోటు మార్చుకొని తన వేడిని తానే నిర్ణయించుకునే భాగాన్ని, దానికి తిరిగి ఇవ్వాలి, ఆ ఎంపిక ఎన్నడూ ప్రాణాపాయపు హద్దు దాటకుండా పరికరాలతో, కొలతలతో, ప్రతిరోజూ చూసే కళ్లతో కాపలా కాయాలి.